ఎన్నికల్లో అబద్ధపు ప్రచారం: ఎవరికి, ఎలా, ఎప్పటిలోగా ఫిర్యాదు చేయాలి

పోలింగ్‌కు ముందు రోజు రాత్రి పదకొండు గంటలకు పరకాలలోనో కాజీపేటలోనో ఒక వాట్సాప్ గ్రూపులో పేపరు కటింగ్ లాంటి బొమ్మ వచ్చిందనుకోండి. ‘ఫలానా అభ్యర్థి పోటీ నుంచి తప్పుకున్నారు’ అని శీర్షిక. పత్రిక పేరు, అక్షరాల తీరు, రంగులు అచ్చం అసలు పత్రికవే. తెల్లవారితే పోలింగ్.

ఇలాంటప్పుడు చాలామంది రెండు పనుల్లో ఒకటి చేస్తారు. బొమ్మ మీద ‘ఫేక్’ అని రాసి మరో పది గ్రూపులకు పంపుతారు. దాంతో ఆ అబద్ధం అప్పటిదాకా చూడనివారికీ చేరుతుంది. లేదంటే నేరుగా పోలీస్ స్టేషన్‌కు వెళతారు. అక్కడ ఎస్ఐ ‘కోర్టు అనుమతి లేకుండా దీని మీద కేసు కట్టలేను’ అంటే ఆయన అవతలి పార్టీ మనిషని అనుమానిస్తారు. చాలా సందర్భాల్లో ఆయన చెప్పింది చట్టప్రకారం సరైన మాటే. కారణం తర్వాత చెబుతాను.

ముందు ఒక విషయం స్పష్టం చేసుకోండి. అబద్ధాన్ని ఆపించడం, చెప్పినవారికి శిక్ష పడేలా చేయడం, దాని ఆధారంగా ఎన్నికను రద్దు చేయించడం అనేవి మూడు వేర్వేరు పనులు. మూడింటికీ వెళ్లాల్సిన చోట్లు వేరు, గడువులు వేరు. వీటిని కలిపి ఒకే కాగితంలో రాసి అందరికీ పంపితే, ఎవరికి వారు అది పక్కవారి పని అనుకుంటారు.

మొదటి పని: అది చట్టం పట్టించుకునే అబద్ధమో కాదో తేల్చుకోండి

రాజకీయ అబద్ధాలన్నిటినీ శిక్షించే చట్టం మన దేశంలో లేదు. ‘కాజీపేట కోచ్ ఫ్యాక్టరీ మా పోరాటం వల్లే వచ్చింది’, ‘మామునూరు విమానాశ్రయం మా ఘనతే’, ‘గెలిస్తే ప్రతి ఇంటికీ ఇది ఇస్తాం’ వంటి మాటల్లో నిజమెంతో ఓటరే తేల్చుకోవాలి. ‘చేతగాని ఎమ్మెల్యే’ అనడం అభిప్రాయం. ‘అయిదేళ్లలో ఒక్క రోడ్డూ వేయలేదు’ అన్న మాట తప్పే కావచ్చు, కానీ అది ప్రజాప్రతినిధిగా ఆయన చేసిన పనికి సంబంధించిన విమర్శ. వీటి మీద ఫిర్యాదు రాసి సమయం పోగొట్టుకోవద్దు.

చట్టం పట్టుకునేది చాలా ఇరుకైన రకాన్ని. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని 123(4) సెక్షన్ చూడండి. ఆ మాట ఒక వాస్తవాన్ని చెబుతున్నట్టు ఉండాలి, అది అబద్ధమై ఉండాలి. చెప్పిన వ్యక్తికి అది అబద్ధమని తెలిసి ఉండాలి, లేదా నిజమన్న నమ్మకమైనా లేకుండా ఉండాలి. అది అభ్యర్థి వ్యక్తిగత శీలం, నడవడి గురించో, ఆయన అభ్యర్థిత్వం గురించో, పోటీ నుంచి తప్పుకోవడం గురించో అయి ఉండాలి. ఆయన గెలుపు అవకాశాలను దెబ్బతీసేలా ఉండాలి. అన్నిటికన్నా కష్టమైన షరతు ఇంకొకటి ఉంది: దాన్ని ప్రచురించినది ప్రత్యర్థి అభ్యర్థి గానీ, ఆయన ఏజెంటు గానీ, అభ్యర్థి లేదా ఎన్నికల ఏజెంటు సమ్మతితో మరొకరు గానీ అయి ఉండాలి.

భారతీయ న్యాయ సంహిత 175వ సెక్షన్ (పాత శిక్షాస్మృతిలో 171జి) దీనికి దగ్గరగానే ఉంటుంది, రెండు తేడాలున్నాయి. అబద్ధం ఎవరు చెప్పినా అది వర్తిస్తుంది, అభ్యర్థి సమ్మతి రుజువు చేయనక్కరలేదు. అయితే అది వ్యక్తిగత శీలం, నడవడి వరకే పరిమితం. పైన చెప్పిన ‘తప్పుకున్నారు’ కటింగ్ 123(4) పరిధిలోకి వస్తుంది గానీ, 175లోకి తేలిగ్గా రాదు. రెండు చట్టాల్లోనూ ‘అభ్యర్థి’ అంటే నామినేషన్ వేసిన వ్యక్తే. టికెట్ కోసం తిరుగుతున్న రోజుల్లో ఆయన మీద వచ్చిన అబద్ధానికి ఈ సెక్షన్లు పనికిరావు, పరువునష్టం దారి చూసుకోవాలి.

వ్యక్తిగతం ఎక్కడ ముగిసి రాజకీయం ఎక్కడ మొదలవుతుందన్నదే కోర్టుల్లో ఎప్పుడూ నలిగే ప్రశ్న. 1962లో ఇందర్‌లాల్, లాల్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ గీత గీసే ప్రయత్నం చేసింది. మనిషి మీద వేసిన మచ్చ, రాజకీయ నాయకుడి మీద చేసిన విమర్శ ఒకటి కావని చెబుతూనే, ప్రత్యర్థులను డబ్బిచ్చి కొంటాడని రాయడం మాత్రం వ్యక్తిగత శీలానికి తగిలే మాటేనని తేల్చింది. నా దృష్టిలో ఇది వాడుకోదగ్గ కొలబద్ద: ఆరోపణలోంచి పదవిని, పార్టీని తీసేసి చూడండి. అప్పటికీ ఆ మనిషి నీతి మీద మచ్చ మిగిలితే, అది చట్టం పరిధిలోనిది.

ఈ ఇరుకుదనం మన సొంత కల్పన కాదు. బ్రిటన్ 1895లోనే అభ్యర్థి వ్యక్తిగత శీలం మీద అబద్ధాలను నిషేధిస్తూ చట్టం చేసింది. దాని వారసత్వంగా అక్కడ నేటికీ ఉన్న నిబంధన కింద 2010లో ఫిల్ వూలస్ అనే ఎంపీ ఎన్నికను రద్దు చేశారు. అమెరికాలో ఒహాయో రాష్ట్రం ఇంకా విస్తృతమైన చట్టం పెట్టుకుంటే, అది వాక్ స్వేచ్ఛకు విరుద్ధమని 2016లో అక్కడి ఫెడరల్ అప్పీలు కోర్టు కొట్టేసింది. ఏ హామీ నిజమో, ఏది బూటకమో అధికారులు తేల్చే రోజు రాకపోవడమే మంచిదని నేను అనుకుంటాను. ఆ అధికారం ఎప్పుడూ కుర్చీలో ఉన్నవారి చేతిలోనే ఉంటుంది కదా!

ఫిర్యాదు రాసేముందు ఇంకో పని ఉంది. మీ అభ్యర్థి మీద క్రిమినల్ కేసులున్నాయని ఎవరో రాస్తే, కోపం తెచ్చుకునేముందు ఆయన సమర్పించిన ఫారం 26 అఫిడవిట్ తెరిచి చూడండి. ఎన్నికల సంఘం వెబ్‌సైటులో, ‘నో యువర్ క్యాండిడేట్’ యాప్‌లో అది ఎవరికైనా దొరుకుతుంది. ‘దుష్ప్రచారం’ అనుకున్నది అభ్యర్థి స్వయంగా సంతకం పెట్టిన కాగితంలోనే ఉంటే మీ ఫిర్యాదు నవ్వులపాలవుతుంది. అఫిడవిట్‌లోనే తప్పుడు సమాచారం ఇచ్చినా, దాచినా అది ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఎ కింద వేరే నేరం. ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

రెండో పని: ఆధారం భద్రపరచండి

ఈ వ్యవహారంలో అసలు బలమంతా ఇక్కడే. ఫిర్యాదు రేపు రాయవచ్చు. ఫ్లెక్సీ మాత్రం రేపటికి ఉండదు.

కరపత్రం దొరికితే కనీసం రెండు అసలు ప్రతులు దాచండి. వాటి మీద ఏమీ రాయకండి, ఒక కవరులో పెట్టి కవరు మీద రాయండి: ఎక్కడ, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరు ఇచ్చారు, పక్కన ఎవరున్నారు. తర్వాత కరపత్రం అడుగున ముద్రాపకుడు, ప్రచురణకర్తల పేర్లు, చిరునామాలు ఉన్నాయేమో చూడండి. అదే చట్టంలోని 127ఎ సెక్షన్ ప్రకారం ఎన్నికల కరపత్రం, పోస్టరు ఏదైనా ఈ రెండూ లేకుండా అచ్చు వేయకూడదు. అచ్చు వేయించేవారు తమ గుర్తింపు మీద సంతకం చేసిన ప్రకటన ఇవ్వాలి, వారిని ఎరిగిన ఇద్దరు దాన్ని ధ్రువీకరించాలి. అచ్చయ్యాక ఆ ప్రకటనను, ఒక ప్రతిని ప్రెస్సు యజమాని జిల్లా కలెక్టరుకు పంపాలి. రాజధానిలో అచ్చయితే రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి పంపాలి. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

ఈ సెక్షన్‌లో చాలామంది గమనించని మాట ఒకటుంది. చేత్తో రాసి నకళ్లు తీయడం తప్ప, ప్రతులను పెంచే ఏ పద్ధతైనా ముద్రణ కిందికే వస్తుంది. అంటే హనుమకొండ చౌరస్తా దగ్గర జిరాక్స్ సెంటర్‌లో అయిదు వందల కాపీలు తీయించినా ఆ దుకాణదారు ముద్రాపకుడే. సభ తేదీ, సమయం, చోటు మాత్రమే తెలిపే కాగితానికి మినహాయింపు ఉంది. కాబట్టి పేరులేని కరపత్రం మీ చేతిలో ఉంటే, అందులో రాసింది అబద్ధమని రుజువు చేసే భారం లేకుండానే ఒక నేరం మీ ముందు ఉన్నట్టే. నేనైతే ఫిర్యాదులో దీన్నే మొదట పెడతాను.

ఫ్లెక్సీ, గోడ పోస్టరు అయితే మూడు ఫొటోలు తీయండి: దగ్గర నుంచి అక్షరాలు చదవగలిగేలా ఒకటి, అడుగున ఉన్న ముద్రణ వివరాలు కనిపించేలా ఒకటి, పక్కనున్న దుకాణాలు, కరెంటు స్తంభం నంబరు కనిపించేలా దూరం నుంచి ఒకటి. చించేయకండి. చించితే ఆధారం పోతుంది, మీ మీదే కేసు పెట్టే అవకాశమూ ఉంటుంది.

వాట్సాప్ సందేశానికి ఒట్టి స్క్రీన్‌షాట్ బలహీనమైన ఆధారం, దాన్ని ఎవరైనా తయారుచేయగలరు. గ్రూపు పేరు దగ్గర మొదలుపెట్టి, పంపిన నంబరు, తేదీ, సమయం, సందేశం అన్నీ కనిపించేలా స్క్రీన్ రికార్డింగ్ చేయండి. చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి దాచండి. ముఖ్యంగా ఆ ఫోనును అమ్మకండి, ఫార్మాట్ చేయకండి, గ్రూపు నుంచి బయటికి రాకండి. కోర్టుకు వెళ్లే రోజున భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి. దానిలో రెండు భాగాలుంటాయి: ఒకటి ఆధారం సమర్పించే వ్యక్తి ఇచ్చేది, రెండోది నిపుణుడు ఇచ్చేది. ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువ అందులో రాయాలి. మీ ప్రాంతంలో కంప్యూటర్ తెలిసినవారు ఎవరైనా ఆ విలువను తీసిపెట్టగలరు. సందేశం వచ్చిన రోజే తీయించి రాసుకుంటే తర్వాత ఫైలును మార్చారన్న వాదనకు చోటుండదు.

ఫేస్‌బుక్ పోస్టయితే పూర్తి లింకు రాసుకోండి. అది డబ్బు కట్టి నడిపే ప్రకటనైతే మెటా యాడ్ లైబ్రరీలో ఎవరు డబ్బు పెట్టారో కనిపిస్తుంది. ప్రసంగమైతే ముప్పై సెకన్ల ముక్క చాలదు, మొత్తం వీడియో సంపాదించండి. ప్రసంగాన్నైనా కరపత్రాన్నైనా మొత్తంగా చదివి అర్థం తీయాలన్నది సుప్రీంకోర్టు 1964లో కుల్తార్‌సింగ్ కేసులో చెప్పిన సూత్రం. సభలో ఉండి స్వయంగా విన్న ఇద్దరు ముగ్గురి పేర్లు కూడా రాసి పెట్టుకోండి. సాక్షి అండ లేని వీడియో ఎంత స్పష్టంగా ఉన్నా, ‘ఎడిట్ చేశారు’ అన్న ఒక్క మాటతో అవతలి వకీలు దాన్ని ఊపేస్తాడు.

మూడో పని: ఆపించండి

ఇది గంటల్లో జరగాల్సిన పని. వీధిలో జరుగుతున్నదానికి ఎన్నికల సంఘం సీవిజిల్ యాప్ వాడండి. అప్పటికప్పుడు యాప్‌లో తీసిన ఫొటో, వీడియో మాత్రమే అది తీసుకుంటుంది. స్థలం దానంతటదే నమోదవుతుంది, పేరు చెప్పకుండానూ ఫిర్యాదు చేయవచ్చు. వంద నిమిషాల్లో స్పందించాలన్నది దాని నియమం. ఎన్నికల కోడ్ అమల్లో ఉన్నప్పుడే అది పనిచేస్తుంది. వాట్సాప్ అబద్ధానికి ఇది పనికిరాదు, దానికి రిటర్నింగ్ అధికారికి రాతపూర్వక ఫిర్యాదే సరైన దారి. ఎన్నికల హెల్ప్‌లైన్ 1950కి ఫోను చేయవచ్చు గానీ అది రాతపూర్వక ఫిర్యాదుకు బదులు కాదు.

మన వరంగల్ ప్రాంతంలో ఒక చిక్కు ఉంది. వరంగల్ తూర్పు నియోజకవర్గం వరంగల్ జిల్లాలో, పశ్చిమ నియోజకవర్గం హనుమకొండ జిల్లాలో ఉన్నాయి. పరకాల నియోజకవర్గంలో పరకాల హనుమకొండ జిల్లాలో ఉంటే గీసుగొండ వరంగల్ జిల్లాలో ఉంది. ఏ కలెక్టరేట్‌కు వెళ్లాలన్న తర్జనభర్జనలో పూట గడిచిపోతుంది. సూటిగా మీ నియోజకవర్గ రిటర్నింగ్ అధికారికి ఇచ్చి, నకలు జిల్లా ఎన్నికల అధికారిగా ఉన్న కలెక్టరుకు పంపండి.

టీవీ, కేబుల్, సినిమా హాలు, రేడియో, సోషల్ మీడియాల్లో వచ్చే రాజకీయ ప్రకటనలకు ఎంసీఎంసీ, అంటే మీడియా ధ్రువీకరణ, పర్యవేక్షణ కమిటీ ముందస్తు అనుమతి ఉండాలి. కాబట్టి ప్రకటన చూసిన వెంటనే అడగాల్సిన ప్రశ్న ‘ఇది నిజమా’ అని కాదు, ‘దీనికి అనుమతి నంబరు ఉందా’ అని. లేకపోతే వాదన లేకుండానే ఆపవచ్చు.

కృత్రిమ మేధతో చేసిన వీడియోలకు వేరే ఆయుధం ఉంది. పార్టీలు తమ ఖాతాల్లోని నకిలీ వీడియోలను దృష్టికి వచ్చిన మూడు గంటల్లో తొలగించాలని ఎన్నికల సంఘం 2024 మే 6న ఆదేశించింది. కృత్రిమ మేధతో చేసినదాని మీద ‘కృత్రిమంగా తయారైనది’ అన్న ముద్ర తప్పనిసరి అని 2025లో చెప్పింది. కాబట్టి ఫిర్యాదు నకలును ఆ పార్టీ జిల్లా కార్యాలయానికి కూడా పంపి, అందిన సమయంతో సంతకం తీసుకోండి. మూడు గంటల లెక్క అక్కడి నుంచి మొదలవుతుంది.

ఫిర్యాదు ఒక పేజీ దాటకూడదు. ఇలా రాయండి:

‘రిటర్నింగ్ అధికారి గారికి. ఫలానా తేదీన, ఫలానా సమయానికి, ఫలానా చోట ఈ కరపత్రం పంచారు (అసలు ప్రతి జతచేశాను). ఇందులో మూడో పేరాలో అభ్యర్థి గురించి “...” అని ఉంది. ఇది అబద్ధం. ఆధారంగా ఈ పత్రాలు జతచేస్తున్నాను. కరపత్రం మీద ముద్రాపకుడి పేరు లేదు, ఇది 127ఎ ఉల్లంఘన. పంచినవారిని చూసిన సాక్షులు వీరు. పంపిణీ ఆపించాలని, మిగిలిన ప్రతులు స్వాధీనం చేసుకోవాలని, ముద్రణ వివరాలు రాబట్టాలని కోరుతున్నాను.’

అబద్ధాన్ని ఉన్నదున్నట్టు ఎత్తిరాయండి, మీ మాటల్లో చెప్పకండి. పార్టీ గొప్పతనం గురించి ఒక్క వాక్యమూ వద్దు. రసీదు మీద తేదీతో పాటు సమయం కూడా వేయించుకోండి.

ప్రవర్తనా నియమావళిలో వ్యక్తిగత జీవితం మీద విమర్శ వద్దని, నిర్ధారించని ఆరోపణలు చేయరాదని స్పష్టంగా ఉంది. దాన్ని ఫిర్యాదులో ప్రస్తావించండి. కానీ అది తనంతట తానుగా చట్టం కాదు, నోటీసు, మందలింపు, ప్రచార నిషేధం వరకే దాని బలం.

నాలుగో పని: శిక్ష కావాలంటే

ఇప్పుడు ఎస్ఐ మాటకు వద్దాం. 175 కింద శిక్ష జరిమానా మాత్రమే, జైలు లేదు. అది నాన్ కాగ్నిజబుల్ నేరం. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 174వ సెక్షన్ ప్రకారం పోలీసులు సమాచారం నమోదు చేసుకుని మిమ్మల్ని మేజిస్ట్రేట్ దగ్గరికి పంపాలి, ఆయన ఉత్తర్వు లేకుండా దర్యాప్తు చేయలేరు. అయితే నమోదు చేసుకోవడం వారి బాధ్యత, ఆ నకలు అడిగి తీసుకోండి. జరిమానా మాత్రమే ఉన్న నేరం కాబట్టి కోర్టు విచారణకు స్వీకరించే గడువు ఆరు నెలలే. ఎన్నికల హడావుడి తగ్గాక చూద్దాం అనుకుంటే గడువు దాటిపోతుంది.

అదే ఘటనలో పోలీసులు నేరుగా కేసు కట్టగల నేరం కూడా ఉంటే పరిస్థితి మారుతుంది. పత్రిక పేరుతో నకిలీ కటింగ్, అభ్యర్థి సంతకంతో దొంగ లేఖ పరువు తీసే ఉద్దేశంతో చేసిన ఫోర్జరీ. న్యాయ సంహిత 336(4) కింద మూడేళ్ల వరకు జైలు. కులమతాల మధ్య ద్వేషం రేపే అబద్ధమైతే ప్రజాప్రాతినిధ్య చట్టం 125వ సెక్షన్ ఉంది, దానికీ మూడేళ్లు. కాగ్నిజబుల్ నేరం ఒకటి ఉంటే మిగతావాటినీ కలిపి దర్యాప్తు చేయవచ్చు. నకిలీ కటింగ్ విషయంలో ఆ పత్రిక యాజమాన్యం చేత కూడా ఫిర్యాదు ఇప్పించండి, వారూ బాధితులే.

ఎవరైనా ఐటీ చట్టం 66ఎ పెట్టమని సలహా ఇస్తే వినకండి. దాన్ని సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది. పరువునష్టం కేసు, అంటే న్యాయ సంహిత 356వ సెక్షన్, నష్టపోయిన వ్యక్తే స్వయంగా కోర్టులో వేయాలి. అభిమానులు వేస్తే సాధారణంగా నిలవదు.

అయిదో పని: ఎన్నికనే సవాలు చేయాలంటే

శాసనసభ, లోక్‌సభ ఎన్నికలకు పిటిషన్ హైదరాబాద్‌లోని తెలంగాణ హైకోర్టులోనే వేయాలి. ఓడిన అభ్యర్థే కాదు, ఆ నియోజకవర్గ ఓటరు ఎవరైనా వేయవచ్చు. గడువు ఫలితం ప్రకటించిన రోజు నుంచి 45 రోజులు. ఆలస్యానికి కారణాలు చెప్పి మన్నించమని అడిగే వీలు ఈ చట్టంలో లేదు. రెండు వేల రూపాయల డిపాజిట్ కట్టాలి. ఆరోపణ ఎదుర్కొనే ప్రతి అభ్యర్థినీ ప్రతివాదిగా చేర్చాలి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్న వివరాలతో ఫారం 25లో ప్రత్యేక అఫిడవిట్ జతచేయాలి. డిపాజిట్ కట్టకపోయినా, చేర్చాల్సినవారిని చేర్చకపోయినా పిటిషన్ విచారణకు ముందే పోతుంది.

రుజువు క్రిమినల్ కేసులో ఉన్నంత గట్టిగా ఉండాలి. గెలిచిన అభ్యర్థి గానీ, ఆయన ఎన్నికల ఏజెంటు గానీ చేశారని, లేదా వారి సమ్మతితో జరిగిందని తేలితే, ఫలితం మారిందని చూపనక్కరలేకుండానే ఎన్నిక చెల్లదు. ఆపై ఆరేళ్ల వరకు అనర్హత పడవచ్చు. ఇంతవరకు వచ్చిన కేసులు అరుదు. 1991లో అహ్మద్‌నగర్ లోక్‌సభ స్థానం నుంచి గెలిచిన యశ్వంతరావ్ గడాఖ్ తన ప్రత్యర్థి బాలాసాహెబ్ విఖే పాటిల్ గురించి చేసిన ఆరోపణలు 123(4) కిందికే వస్తాయని బొంబాయి హైకోర్టు ఎన్నికను కొట్టేసింది. 1993లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. చట్టం ఆరు నెలల్లో విచారణ ముగించే ప్రయత్నం చేయాలంటుంది. ఏళ్లు పట్టడం మాత్రం మామూలే. డబ్బు, ఓపిక, నిలబడే సాక్షులు ఈ మూడూ లేకుండా ఈ మెట్టు ఎక్కమని నేను ఎవరికీ చెప్పను.

సర్పంచి ఎన్నికలకు, వరంగల్ మహానగర పాలక సంస్థ డివిజన్లకు ఈ అయిదో మెట్టు వర్తించదు. అవి కేంద్ర ఎన్నికల సంఘం కింద జరగవు, రాష్ట్ర ఎన్నికల సంఘం కింద జరుగుతాయి. పంచాయతీలకు 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం, పట్టణాలకు 2019 నాటి మున్సిపాలిటీల చట్టం ఉన్నాయి. న్యాయ సంహిత 175 మాత్రం వార్డు సభ్యుడి ఎన్నికకూ వర్తిస్తుంది. ఊళ్లో అందరికీ అందరూ తెలిసినచోట, కరపత్రం ఎవరు పంచారో చెప్పగల సాక్షి దొరకడం శాసనసభ ఎన్నికల కన్నా తేలిక. ఆ సాక్షి రేపు అదే ఊళ్లో బతకాలి కాబట్టి, వాంగ్మూలం ఆ వారంలోనే రాతపూర్వకంగా తీసుకోండి.